అయస్కాంత శ్వేత కుబ్జాల జంటలు: వర్ణపటం చదివి క్షేత్ర బలం కొలవడం ఎలా?

హెర్క్యులిస్ తారామండలంలో ఏఎం హెర్క్యులిస్ అనే మసక తార ఉంది. దాని వెలుగు మారుతూ ఉంటుందని 1923లో మాక్స్ వోల్ఫ్ గుర్తించారు. తర్వాత అర్ధ శతాబ్దం పాటు అది చరకాంతి తారల పట్టికలో ఒక పేరుగా మిగిలిపోయింది. 1976లో శాంటియాగో టాపియా దాని కాంతి ధ్రువణాన్ని కొలిచారు. వృత్తాకార ధ్రువణం దాదాపు పది శాతం దాకా వచ్చింది. మామూలు తారలో అంత ధ్రువణం ఊహకందదు. అక్కడొక శ్వేత కుబ్జం (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తార) ఉందని, దాని అయస్కాంత క్షేత్రం కోట్ల గాస్‌లలో ఉందని, పక్కనున్న ఎర్ర కుబ్జం (చిన్న, చల్లని తార) నుంచి పదార్థాన్ని అది తన ధ్రువాల మీదికి లాక్కుంటోందని తేలింది. ఈ జాతి జంటలకు ‘పోలార్లు’ అనే పేరు స్థిరపడింది.

కోట్ల గాస్‌లంటే ఎంతో చూద్దాం. భూమి క్షేత్రం అర గాస్. సూర్యుడి మచ్చల్లో సుమారు 3000 గాస్. పోలార్లలో 70 లక్షల నుంచి 23 కోట్ల గాస్ దాకా కొలిచారు. ఇకపై మెగాగాస్‌లలో, అంటే పది లక్షల గాస్‌లలో మాట్లాడుకుందాం. ఏఎం హెర్క్యులిస్ 14 మెగాగాస్. ఏఆర్ అర్సా మేజోరిస్ 230.

ఇంతటి క్షేత్రాన్ని భూమ్మీద ఏ ప్రయోగశాలా నిలకడగా పుట్టించలేదు. వర్ణపటంలో మాత్రం దాన్ని స్కేలు పెట్టి కొలవవచ్చు. డిగ్రీ స్థాయి భౌతికశాస్త్రం, కాస్త పైథాన్, ఇంటర్నెట్ ఉంటే చాలు. వర్ణపటాలు ఉచితంగా దొరుకుతున్నాయి. ఈ మార్గదర్శి పొడవునా ఒక మాటనే గట్టిగా పట్టుకుంటాను: ఏ గుర్తు వ్యవస్థలో ఏ చోటు నుంచి, ఏ కక్ష్యా దశలో (జంట తన చుట్టులో ఏ భాగంలో ఉండగా) వచ్చిందో తేలకముందే క్షేత్ర బలం లెక్క వేయవద్దు. సూత్రాలు తేలికైనవే. చిక్కంతా ఏ వెలుగు ఎవరిదో తేల్చడంలోనే ఉంది.

మొదట, ఏ వెలుగు ఎవరిది?

పోలార్ వర్ణపటంలో కనీసం ఐదు మూలాల కాంతి కలిసిపోయి వస్తుంది. పెళ్లి పందిట్లో సన్నాయి, డోలు, మైకు, జనం మాటలు ఒకేసారి చెవిన పడినట్టు. ఒక్కొక్కటీ గుర్తుపట్టాలి.

ఒకటి, శ్వేత కుబ్జం ఉపరితలం. నీలం వైపు ప్రకాశవంతంగా ఉండి, హైడ్రోజన్ శోషణ రేఖలు చూపిస్తుంది. క్షేత్రం వల్ల ఆ రేఖలు చీలి ఉంటాయి. రెండు, ధ్రువం దగ్గర పదార్థం కూలే చోట వేడెక్కిన ప్లాస్మా. అక్కడ ఎలక్ట్రాన్లు క్షేత్ర రేఖల చుట్టూ తిరుగుతూ సైక్లోట్రాన్ కాంతిని వెదజల్లుతాయి. వర్ణపటంలో అది వెడల్పైన మూపురాలుగా కనిపిస్తుంది. మూడు, ఆ వేడి మచ్చ చుట్టూ ఉన్న చల్లని వాయువు. సైక్లోట్రాన్ కాంతి దాని గుండా వచ్చేటప్పుడు చీలిన శోషణ రేఖలు మళ్లీ పుడతాయి. చూపుకు మొదటి రకంలాగే ఉంటాయి, పుట్టినచోటు వేరు. నాలుగు, ఎర్ర కుబ్జం నుంచి జారే ధార. ఇక్కడి నుంచి బలమైన ఉద్గార రేఖలు వస్తాయి. ఐదు, ఎర్ర కుబ్జమే: టైటానియం ఆక్సైడ్ పట్టీలు, సోడియం జంట రేఖలు, శ్వేత కుబ్జం వైపున్న ముఖం కాగి పంపే సన్నని ఉద్గార రేఖలు.

మామూలు జంటల్లో జారిన పదార్థం పళ్లెంలా చుట్టూ పరుచుకుంటుంది. పోలార్లలో క్షేత్రం ఆ పళ్లాన్ని ఏర్పడనివ్వదు, పైగా శ్వేత కుబ్జం స్వభ్రమణాన్ని కక్ష్యా కాలానికి కట్టిపడేస్తుంది. అందువల్ల మనకు పెద్ద సౌలభ్యం ఉంది: ఒక్క కాలం తెలిస్తే చాలు, మచ్చ ఎప్పుడు ఎదురుగా ఉంటుందో, ఎప్పుడు చాటుకు వెళ్తుందో రెండూ తెలుస్తాయి.

మొదటి మెట్టు: తారను ఎంచుకోవడం

కొత్తవారు ఏఎం హెర్క్యులిస్‌తోనే మొదలుపెట్టాలనుకుంటారు. నా సలహా వేరు. 14 మెగాగాస్ దగ్గర సైక్లోట్రాన్ మూపురాలు పరారుణంలో పడతాయి, కంటికి కనిపించే వర్ణపటంలో ఉండవు. మూపురాలు చూడాలంటే 20 నుంచి 70 మెగాగాస్ మధ్య ఉన్న తార కావాలి.

సాధనకు అచ్చంగా పనికొచ్చేది ఆకాశాన్ని పటం కట్టే స్లోన్ సర్వేలో బయటపడిన ఎస్‌డీఎస్‌ఎస్ జే1553+5516. దాని కక్ష్యా కాలం 4.39 గంటలు, క్షేత్రం 60 మెగాగాస్ దరిదాపు. ధార దాదాపు లేదు. ఎర్ర కుబ్జం నుంచి వీచే గాలిలాంటి కొద్దిపాటి పదార్థమే ధ్రువాన్ని చేరుతుంది. ప్లాస్మా అంతగా కాగదు కాబట్టి మూపురాలు ఇరుకుగా, ఎత్తుగా, విడివిడిగా నిలుస్తాయి. మొదటిసారి ఆ వర్ణపటం గీసుకుని చూసినవారికి అది తారదని నమ్మబుద్ధి కాదు.

రెండో తారగా వీవీ పప్పిస్‌ను తీసుకోండి. కక్ష్యా కాలం 100 నిమిషాలు. సైక్లోట్రాన్ హార్మోనిక్‌లను (మౌలిక పౌనఃపున్యానికి రెండు, మూడు, నాలుగు రెట్ల దగ్గర వచ్చే మూపురాలను) మొట్టమొదట గుర్తుపట్టింది దీని వర్ణపటంలోనే. ఆస్ట్రేలియాలో పనిచేసిన విశ్వనాథన్, విక్రమసింఘె 1979లో ఆ సంగతి ప్రకటించారు. ఒక ధ్రువం దగ్గర క్షేత్రం 31 మెగాగాస్ చుట్టూ, రెండో ధ్రువం దగ్గర 54 చుట్టూ ఉంది. చలికాలంలో మన దక్షిణాది ఆకాశంలో బాగా పైకి వస్తుంది.

తారను ఎంచాక అది ఏ స్థితిలో ఉందో చూడండి. పోలార్లలో పదార్థ ప్రవాహం ఉన్నట్టుండి ఆగిపోతుంది, నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో తిరిగి మొదలవుతుంది. ఈఎఫ్ ఎరిడాని 1997లో మసకబారి సుమారు పాతికేళ్లు అలాగే ఉండి 2022 చివర్లో మళ్లీ ప్రకాశించింది. తగ్గు స్థితిలో తీసిన వర్ణపటం బంగారం లాంటిది. ధార మాయమవుతుంది కాబట్టి శ్వేత కుబ్జం ఉపరితలం అడ్డు లేకుండా కనిపిస్తుంది. జ్వికీ ట్రాన్సియెంట్ ఫెసిలిటీ, అమెరికా చరకాంతి తారల సంఘం కాంతి రేఖలను (వెలుగు కాలంతో పాటు మారే తీరు చూపే గ్రాఫులను) తెచ్చుకుని, వర్ణపటం తీసిన రాత్రి తార ఏ స్థితిలో ఉందో ముందే రాసిపెట్టుకోండి.

రెండో మెట్టు: వర్ణపటాలు తెచ్చుకోవడం, అందులోని మాయలు

స్లోన్ సర్వే తొలి పరికరం 3800 నుంచి 9200 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా చూసేది. తర్వాతిది 3600 నుంచి 10400 దాకా. విభేదన సామర్థ్యం 1800 దరిదాపు. దక్షిణ ఆకాశపు తారల కోసం ఐరోపా దక్షిణ వేధశాల భాండాగారంలో వెతకండి. ఫైళ్లు తెరవడానికి ఆస్ట్రోపై అనే పైథాన్ లైబ్రరీ చాలు.

ఇక్కడ నాలుగు విషయాలు చూసుకోవాలి. వీటిని దాటేస్తే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

స్లోన్ తరంగదైర్ఘ్యాలు శూన్యంలోవి, పాత పుస్తకాల్లోని పట్టికలు గాలిలోవి. హైడ్రోజన్ ఆల్ఫా గాలిలో 6562.8, శూన్యంలో 6564.6 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఆ తేడా సెకనుకు 80 కిలోమీటర్ల అబద్ధపు వేగంగా మారుతుంది. మొదటే అన్నిటినీ ఒకే పద్ధతిలోకి మార్చండి.

రెండోది మరింత ముఖ్యం. స్లోన్ ఇచ్చే ఒక్కో వర్ణపటం కనీసం మూడు పావుగంట ఎక్స్‌పోజర్ల కలయిక. వంద నిమిషాల్లో చుట్టు తిరిగే జంటకు 45 నిమిషాలంటే దాదాపు సగం కక్ష్య. మచ్చ ఎదురుగా ఉన్న దశ, చాటుగా ఉన్న దశ కలిసి ముద్దవుతాయి. విడి ఎక్స్‌పోజర్లు పూర్తి ఫైలులోనే, నాలుగో విభాగం నుంచి మొదలై ఉంటాయి. తేలికపాటి ఫైలులో అవి ఉండవు, పెద్ద ఫైలే దించుకోండి. సర్వే ఇచ్చిన మొత్తం చూసి సరిపెట్టుకున్నవాళ్లు సగం కథ వదిలేసినట్టే.

మూడోది, నీలం భాగం ఒక కెమెరా, ఎరుపు భాగం మరో కెమెరా తీస్తాయి. అవి 6000 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర కలుస్తాయి. ఆ అతుకు సరిగ్గా కుదరకపోతే చిన్న మెట్టు పడుతుంది. 60 మెగాగాస్ తారలో మూడో హార్మోనిక్ పడేది సరిగ్గా ఆ ప్రాంతంలోనే. మూపురం అంచు నిజమో అతుకో తేల్చడానికి అదే పలకతో ఒకేసారి తీసిన మామూలు తారల వర్ణపటాలను పక్కన పెట్టి చూడండి. వాటిలోనూ మెట్టు ఉంటే అది పరికరానిదే.

నాలుగోది మన వాతావరణం. 6870, 7600 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఆక్సిజన్ పట్టీలు, 9300 దగ్గర నీటి ఆవిరి, 5577 దగ్గర ఆకాశపు ఉద్గార రేఖ ఉంటాయి. వాటి చోట్లను గ్రాఫు మీద ముందే నీడ వేసి గుర్తించండి.

మరొక మాట. చాలా పాఠాలు వర్ణపటం చేతికి రాగానే కంటిన్యువమ్‌తో (రేఖల వెనుక ఉండే నేపథ్య కాంతితో) భాగించి చదును చేయమంటాయి. ఈ తారల్లో ఆ పని చేయకండి. సైక్లోట్రాన్ మూపురం వందల ఆంగ్‌స్ట్రామ్‌ల వెడల్పు ఉంటుంది. చదును చేసే గణితం దాన్ని కంటిన్యువమ్ అనుకుని తుడిచేస్తుంది. వేగాలు కొలిచేటప్పుడు మాత్రం చదును చేసిన నకలు ఒకటి వేరే పెట్టుకోవచ్చు.

మూడో మెట్టు: ప్రతి వర్ణపటానికీ దశ కట్టడం

స్లోన్ ఫైలులో ఎక్స్‌పోజర్ మొదలు, ముగింపు సమయాలు అంతర్జాతీయ పరమాణు కాలమానంలో, సెకన్లలో ఉంటాయి. 86400తో భాగిస్తే సవరించిన జూలియన్ దినం వస్తుంది. ఎక్స్‌పోజర్ మధ్య క్షణాన్ని తీసుకుని సౌరకుటుంబ ద్రవ్యకేంద్రానికి మార్చండి. భూమి కక్ష్యలో ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి కాంతి ఎనిమిది నిమిషాల దాకా ముందో వెనుకో చేరుతుంది. వంద నిమిషాల కక్ష్యలో అది ఎనిమిది శాతం దశ. ఈ సవరణ ఆస్ట్రోపై చేసిపెడుతుంది. ప్రపంచ కాలమానానికీ ద్రవ్యకేంద్ర కాలమానానికీ ఇప్పుడు 69 సెకన్ల తేడా ఉంది. పాత వ్యాసంలోని కాలసూత్రం (సున్నా క్షణం, కక్ష్యా కాలం ఇచ్చి దశ లెక్కకట్టే సూత్రం) వాడుతుంటే అది దేనిలో రాశారో చూసుకోండి.

కాలసూత్రం ఎంత పాతదన్నది అసలు ప్రశ్న. కక్ష్యా కాలం 0.07 రోజులనీ, అందులో అనిశ్చితి 0.000001 రోజనీ అనుకుందాం. ఇరవై ఏళ్లలో ఆ జంట లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. పేరుకున్న అనిశ్చితి 0.1 రోజు, ఒక పూర్తి చుట్టు కంటే ఎక్కువ. అప్పుడు దశ తెలిసినట్టు కాదు. అనిశ్చితి 0.00000001 రోజైతే తేడా ఒకటిన్నర శాతం దశకు మించదు, భయం లేదు. కాలసూత్రం పాతబడితే టెస్ ఉపగ్రహం కాంతి రేఖల నుంచి కొత్త కాలం తీయండి. ఒక్కో ఆకాశ భాగాన్ని అది దాదాపు 27 రోజులు వరుసగా చూస్తుంది. దాని పిక్సెల్ 21 ఆర్క్‌సెకన్ల వెడల్పు, పక్క తారల వెలుగు కలవకుండా చూసుకోవాలి. జంట తారల కాంతిని కొలిచి కాలం తీసే విద్య మన తెలుగు నేలకు కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాలలో 48 అంగుళాల దూరదర్శినితో ఎన్నో గ్రహణ జంటలను అలా కొలిచారు.

సున్నా దశ ఎక్కడ పెట్టారన్నది కూడా వ్యాసాన్ని బట్టి మారుతుంది. గ్రహణ జంటల్లో ఎర్ర కుబ్జం మనకు అడ్డువచ్చే క్షణం సున్నా. ఏఎం హెర్క్యులిస్ వంటివాటిలో కొందరు రేఖీయ ధ్రువణం ఎగసే క్షణాన్ని సున్నా అంటారు. రెండూ కలిపితే మచ్చ శ్వేత కుబ్జానికి అవతలి వైపు చేరిపోతుంది.

నాలుగో మెట్టు: తొలి చూపు

వర్ణపటాన్ని గీసి హీలియం అయాన్ 4686 రేఖను, హైడ్రోజన్ బీటా 4861 రేఖను పక్కపక్కన చూడండి. 4686 రేఖ తుల్య వెడల్పు (రేఖ బలాన్ని నేపథ్య కాంతితో పోల్చి చెప్పే కొలత) బీటా రేఖలో 0.4 వంతుకు మించి, బీటా తుల్య వెడల్పు 20 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటితే అయస్కాంత జంట అనడానికి బలమైన సూచన. ఇది రుజువు కాదు. జే1553 వంటి తారలు ఈ పరీక్షలో నెగ్గవు, ఎందుకంటే వాటిలో ధారే లేదు.

తర్వాత ఎరుపు వైపు 8183, 8195 దగ్గర సోడియం జంట రేఖల కోసం చూడండి. అవి ఉంటే ఎర్ర కుబ్జం కనిపిస్తున్నట్టే. సరిపోయే ఉష్ణోగ్రత గల ఎం తరగతి తార వర్ణపటాన్ని తెచ్చి తగిన వంతు తీసివేయండి. టైటానియం ఆక్సైడ్ పట్టీల మధ్య మిగిలే మిట్టలు సైక్లోట్రాన్ మూపురాల్లా కనిపించి మోసం చేస్తాయి. ఈ తీసివేత అయ్యాకే మూపురం అనే మాట ఎత్తాలి.

ఐదో మెట్టు: చీలిన రేఖల నుంచి క్షేత్రం

క్షేత్రంలో హైడ్రోజన్ రేఖ మూడుగా చీలుతుంది. మధ్యలో పై (గ్రీకు అక్షరం π) అంశం, రెండు పక్కలా సిగ్మా (σ) అంశాలు. బీఎస్సీలో చదువుకున్న జీమన్ ఫలితమే. మధ్య నుంచి పక్కదానికి దూరం ఇలా వస్తుంది: 0.000000000000467 × ఆంగ్‌స్ట్రామ్‌లలో తరంగదైర్ఘ్యం వర్గం × గాస్‌లలో క్షేత్రం. ఇంత పొడవు సంఖ్య గుర్తుంచుకోనక్కర లేదు. ఒక మెగాగాస్‌కు ఆల్ఫా రేఖ 20 ఆంగ్‌స్ట్రామ్‌లు, బీటా రేఖ 11 ఆంగ్‌స్ట్రామ్‌లు చీలుతుంది. ఆల్ఫాలో రెండు సిగ్మాల మధ్య దూరాన్ని 40తో భాగిస్తే మెగాగాస్‌లు చేతికొస్తాయి.

రెండూ శ్వేత కుబ్జాలే అయిన ఎన్ఎల్‌టీటీ 12758 జంటలో దీన్ని శుభ్రంగా చూడవచ్చు. అందులో ఒకదానికే క్షేత్రం ఉంది, 3.1 మెగాగాస్. కక్ష్యా కాలం 1.15 రోజులు. ఆల్ఫా రేఖకు చెరో పక్క 62 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో సిగ్మాలు నిలుస్తాయి. మధ్యలో పై అంశం, రెండో శ్వేత కుబ్జం మామూలు రేఖ కలిసిపోయి, కక్ష్యతో పాటు ఒకదానికొకటి ఎదురు దిశల్లో జరుగుతుంటాయి.

కొన్ని మెగాగాస్‌లు దాటాక రెండో ప్రభావం మొదలవుతుంది. క్షేత్రం వర్గాన్ని బట్టి, ఎగువ శక్తిస్థాయి సంఖ్య నాలుగో ఘాతాన్ని బట్టి రేఖలన్నీ నీలం వైపు జరుగుతాయి. 10 మెగాగాస్ దగ్గర ఆల్ఫా పై అంశం సుమారు 17 ఆంగ్‌స్ట్రామ్‌లు జరిగితే, ఆరో స్థాయి నుంచి వచ్చే డెల్టా రేఖ పై అంశం 109 ఆంగ్‌స్ట్రామ్‌లు జరుగుతుంది. సిగ్మా అంశాలు దానికి రెట్టింపు జరుగుతాయి. అందుకే నీలం చివర రేఖలు చిందరవందరగా కనిపిస్తాయి, ఎరుపు చివర ఆల్ఫా మాత్రం చక్కని త్రయంగా నిలుస్తుంది. కొలత ఆల్ఫాతో మొదలుపెట్టి బీటాతో సరిచూసుకోవడం మంచి పద్ధతి. రెండూ ఒకే విలువ ఇస్తేనే ముందుకు సాగండి.

ఈ జరగడం వేగాలనూ చెడగొడుతుంది. 3.1 మెగాగాస్ దగ్గర ఆల్ఫా పై అంశం 1.7 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా నీలం వైపు జరుగుతుంది. వేగంగా చదివితే సెకనుకు దాదాపు 75 కిలోమీటర్లు మనవైపు వస్తున్నట్టు. శ్వేత కుబ్జం గురుత్వం వల్ల కలిగే ఎరుపు జరుగుబాటు దీనికి ఎదురుగా పనిచేస్తుంది. రెండిటినీ లెక్కలోకి తీసుకోకుండా జంట సగటు వేగం చెప్పకూడదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీరు కొలిచిన త్రయం ఎక్కడిది? తగ్గు స్థితిలో, అన్ని దశల్లోనూ కనిపిస్తుంటే అది ఉపరితలానిది. ఆ విలువ మనకు కనిపించే అర్ధగోళమంతటి సగటు. ద్విధ్రువ క్షేత్రంలో ధ్రువం దగ్గర బలం మధ్యరేఖ దగ్గరి బలానికి రెట్టింపు. అందువల్ల సిగ్మా అంశాలు పరుచుకుని మసకబారతాయి, పై అంశం పదునుగా ఉంటుంది. మసకబారిన సిగ్మా మధ్యభాగాన్ని కొలిచి ధ్రువ క్షేత్రం అని రాస్తే తప్పు. అదే త్రయం ప్రకాశ దశలో (మచ్చ మనకు ఎదురుగా ఉన్నప్పుడు) మాత్రమే, సిగ్మాలతో సహా పదునుగా కనిపిస్తే అది మచ్చ చుట్టూ ఉన్న చల్లని వాయువుది. అక్కడ క్షేత్రం కొద్ది చోటుకే పరిమితం కాబట్టి రేఖలు పరుచుకోవు.

క్షేత్రం 50 మెగాగాస్ దాటాక పై సూత్రాలు పనికిరావు. అప్పుడు 1984 నుంచి అచ్చయిన పరమాణు లెక్కల పట్టికలే దిక్కు. క్షేత్రంతో పాటు ఒక్కో అంశం తరంగదైర్ఘ్యం ఎలా వంకర్లు తిరుగుతుందో అవి చెబుతాయి. కొన్ని అంశాలు ఒక చోట ఆగి వెనక్కి మళ్లుతాయి. ఆ మలుపు దగ్గర క్షేత్రం మారినా తరంగదైర్ఘ్యం మారదు కాబట్టి అలాంటి అంశం ఒక్కటే స్ఫుటంగా మిగులుతుంది. జీఆర్‌డబ్ల్యూ +70 8247 అనే ఒంటరి శ్వేత కుబ్జంలో 4135 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరి పట్టీని 1938లోనే మింకోవ్‌స్కీ గమనించారు. అది 320 మెగాగాస్‌లో చిక్కిన హైడ్రోజనేనని 1980ల మధ్యలో ఈ పట్టికలు వచ్చాకే తేలింది. దాదాపు అర్ధ శతాబ్దం పాటు విశ్వంలోకెల్లా మామూలు మూలకాన్ని ఎవరూ గుర్తుపట్టలేకపోయారు.

ఆరో మెట్టు: మూపురాలను లెక్కపెట్టడం

సైక్లోట్రాన్ మౌలిక తరంగదైర్ఘ్యం ఆంగ్‌స్ట్రామ్‌లలో 10,71,000ను మెగాగాస్‌లలో క్షేత్రంతో భాగిస్తే వస్తుంది. హార్మోనిక్‌లు దానిలో సగం, మూడో వంతు, నాలుగో వంతు దగ్గర పడతాయి. 30 మెగాగాస్ అయితే మౌలికం 35,700, నాలుగోది 8925, ఐదోది 7140, ఆరోది 5950, ఏడోది 5100. 14 మెగాగాస్ అయితే నాలుగో హార్మోనిక్ కూడా 19,000 దాటి పరారుణంలో ఉంటుంది. 230 అయితే మౌలికమే 4660 దగ్గర, నీలంలో పడుతుంది.

తెలియని తారలో మూపురం కనబడితే అది ఎన్నో హార్మోనిక్? ఒక్క మూపురంతో చెప్పలేం. రెండు పక్కపక్క మూపురాలు కావాలి. శిఖరాలు 6200, 4650 దగ్గర ఉన్నాయనుకోండి. నిష్పత్తి 1.333, అంటే నాలుగుకు మూడు. కాబట్టి అవి మూడోది, నాలుగోది. 6200ను మూడుతో గుణిస్తే మౌలికం 18,600. 10,71,000ను దానితో భాగిస్తే 57.6 మెగాగాస్. నిష్పత్తి 1.25 వస్తే నాలుగోది, ఐదోది. 1.2 అయితే ఐదోది, ఆరోది. పై హార్మోనిక్‌లకు వెళ్లేకొద్దీ నిష్పత్తులు దగ్గరపడతాయి, శిఖరం కొలతలో చిన్న పొరపాటు సంఖ్యనే మార్చేస్తుంది. అప్పుడు మూడో మూపురం దొరికేదాకా ఆగండి. తరంగదైర్ఘ్యానికి బదులు దాని విలోమాన్ని అడ్డగీత మీద పెట్టి గీస్తే మూపురాలు సమాన దూరాల్లో కూర్చుంటాయి. కంటికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. సమదూరం కుదరకపోతే వాటిలో ఒకటి మూపురం కాదు, లేదా రెండు ధ్రువాల వెలుగు కలిసి ఉంది.

పై సూత్రం చల్లని ప్లాస్మాకు. నిజంగా అక్కడ ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో చెప్పుకోదగ్గ వంతుతో తిరుగుతాయి. సాపేక్షత వల్ల వాటి తిరుగుడు మందగించి మూపురాలు ఎరుపు వైపు జరుగుతాయి. కాబట్టి మీకొచ్చిన విలువ అసలు క్షేత్రం కంటే కాస్త తక్కువే ఉంటుంది. దాన్ని కనీస అంచనాగా చెప్పండి. సరైన విలువకు ఉష్ణోగ్రత, సాంద్రత, చూపు కోణం మూడూ కలిపిన నమూనాలతో పోల్చాలి.

చూపు కోణం గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. క్షేత్ర రేఖకు అడ్డంగా చూసినప్పుడు సైక్లోట్రాన్ కాంతి అత్యధికం, రేఖ వెంబడి చూసినప్పుడు అత్యల్పం. కక్ష్య తిరిగేకొద్దీ ఈ కోణం మారుతుంది. మూపురాలు ఎత్తూ వెడల్పూ మార్చుకోవడమే కాక వర్ణపటంలో అటూఇటూ కదులుతాయి. ఆ కదలికను దశ వారీగా గీస్తే మచ్చ అక్షాంశం, జంట వాలు మీద పట్టు దొరుకుతుంది. దశ కట్టకుండా మూపురాల సగటు కొలవడం ఎందుకు వృథానో ఇక్కడ తెలుస్తుంది.

మూపురాలను మిగతా వెలుగు నుంచి విడదీయడానికి నాకు బాగా నచ్చిన ఉపాయం: ప్రకాశ దశ వర్ణపటంలోంచి మసక దశ వర్ణపటాన్ని తీసేయడం. శ్వేత కుబ్జం, ఎర్ర కుబ్జం రెండిట్లోనూ ఉంటాయి కాబట్టి చాలావరకు పోతాయి. మిగిలేది మచ్చ కాంతి. రెండు వర్ణపటాల కాంతి క్రమాంకనం నమ్మదగినదై ఉండాలన్నదొక్కటే షరతు.

ఏడో మెట్టు: వేగాలు, ద్రవ్యరాశి

ఉద్గార రేఖను ఒకే గాసియన్‌తో సరిపెట్టకండి. అందులో ఎర్ర కుబ్జం కాగిన ముఖం నుంచి సన్నని అంశం, ధార నుంచి వెడల్పు అంశం ఉంటాయి. రెండు గాసియన్‌లతో విడదీసి, సన్నని అంశానికి దశ వెంబడి సైన్ వక్రం గీయండి. సోడియం రేఖలకూ విడిగా అదే చేయండి.

రెండు వక్రాల ఎత్తులు వేరుగా వస్తాయి, అది పొరపాటు కాదు. సన్నని ఉద్గారం శ్వేత కుబ్జం వైపు ముఖం నుంచి వస్తుంది. ఆ ముఖం జంట ద్రవ్యకేంద్రానికి దగ్గర కనుక అసలు కంటే తక్కువ వేగం చూపిస్తుంది. సోడియం శోషణ కాగని అవతలి ముఖంలో బలంగా ఉంటుంది కనుక ఎక్కువ చూపిస్తుంది. అసలు వేగం ఆ రెండిటి మధ్య ఉంటుంది. దాని ఘనాన్ని రోజుల్లో కక్ష్యా కాలంతోనూ, 0.0000001036తోనూ గుణిస్తే శ్వేత కుబ్జం ద్రవ్యరాశికి కనీస హద్దు సూర్యుడి ద్రవ్యరాశుల్లో వస్తుంది. వేగం సెకనుకు 350 కిలోమీటర్లు, కాలం 0.1 రోజు అయితే 0.44.

ఎక్స్‌పోజర్ నిడివి ఇక్కడ లెక్కకు వస్తుంది. వేగ వక్రం ఎత్తు 300, కాలం 100 నిమిషాలు, ఎక్స్‌పోజర్ 15 నిమిషాలు అయితే ఒక్క ఎక్స్‌పోజర్‌లోనే రేఖ సెకనుకు 280 కిలోమీటర్ల దాకా జారి మసకబారుతుంది. అయిదు నిమిషాలైతే 95లోపు. రెండు వేల విభేదనం గల పరికరం సెకనుకు 150 కిలోమీటర్లకంటే సన్నగా ఎలాగూ చూడలేదు కాబట్టి అయిదు నిమిషాలు సరైన బేరం.

కక్ష్య అంతటా పరుచుకున్న ఇరవై ముప్పై వర్ణపటాలుంటే డాప్లర్ టోమోగ్రామ్ కట్టవచ్చు. 1988లో మార్ష్, హార్న్ చూపిన పద్ధతి అది. హెచ్‌యూ అక్వేరియై అనే గ్రహణ జంటలో ఎర్ర కుబ్జం కాగిన ముఖం, స్వేచ్ఛగా పడే ధార, క్షేత్రం పట్టుకుని పైకెత్తిన ధార మూడూ పటంలో విడివిడిగా కనిపిస్తాయి. అది వేగాల పటమని, చోట్ల పటం కాదని గుర్తుంచుకోవాలి.

సొంతంగా పరిశీలించే అవకాశం వస్తే

హాన్లేలో సముద్ర మట్టానికి 4500 మీటర్ల ఎత్తున ఉన్న రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర దూరదర్శిని, దేవస్థల్‌లోని 3.6 మీటర్ల దూరదర్శిని ఈ పనికి సరిపోతాయి. ప్రతిపాదన రాసేటప్పుడు కనీసం ఒకటిన్నర కక్ష్యల నిరంతర సమయం అడగండి. ఒక్క కక్ష్యే అడిగితే మధ్యలో వచ్చిన మబ్బు ఒక దశను శాశ్వతంగా మింగేస్తుంది. పరికరంలో కాంతి ప్రవేశించే సన్నని సందును (స్లిట్) క్షితిజానికి నిలువుగా తిప్పి ఉంచండి, లేకపోతే వాతావరణం నీలం కాంతిని సందు బయట పారబోసి లేని మూపురాన్ని సృష్టిస్తుంది. ప్రామాణిక తారను రాత్రి మొదట్లోనూ చివర్లోనూ తీయండి. ధ్రువణం కూడా కొలవగల పరికరం దొరికితే వదలకండి: రెండు సిగ్మా అంశాల వృత్తాకార ధ్రువణం ఒకదానికొకటి ఎదురు గుర్తులతో వస్తే అది జీమన్ చీలికేనన్న విషయంలో వాదనే మిగలదు.

ఫలితం రాయడం

క్షేత్ర బలాన్ని ఒంటరి సంఖ్యగా ఎప్పుడూ రాయకండి. ‘తగ్గు స్థితి, ఆల్ఫా త్రయం, ఉపరితల సగటు, ఇన్ని మెగాగాస్’ అని ఒక వరుస. ‘ప్రకాశ దశ, మూడు నాలుగు హార్మోనిక్‌లు, మచ్చ, చల్లని ప్లాస్మా సూత్రం, కనీస విలువ ఇన్ని మెగాగాస్’ అని మరో వరుస. ఒకే తారలో ఈ రెండు వరుసలు వేర్వేరు సంఖ్యలు ఇవ్వడం మామూలే. మచ్చ ధ్రువం దగ్గర ఉంటుంది, ఉపరితల సగటులో బలహీనమైన మధ్యరేఖ కూడా కలుస్తుంది. ఆ తేడా నుంచే క్షేత్రం ఆకారం, ద్విధ్రువం కేంద్రం నుంచి పక్కకు జరిగి ఉందా అన్నది బయటపడతాయి.

ఇలా జాగ్రత్తగా రాసిన వరుసలకు ఇప్పుడు గిరాకీ ఉంది. పదార్థాన్ని లాక్కునే జంటల్లో మన చుట్టుపక్కల మూడో వంతుకు పైగా శ్వేత కుబ్జాలు అయస్కాంతాలే. ఇంకా లాక్కోవడం మొదలుకాని జంటల్లో అలాంటివి బహు అరుదు. వాటి పిల్లలే ఇవైతే క్షేత్రం మధ్యలో ఎక్కడ పుట్టింది? శ్వేత కుబ్జం లోపలి భాగం గడ్డకట్టేటప్పుడు, జారిపడిన పదార్థం దాన్ని వేగంగా తిప్పుతుంటే డైనమో పుడుతుందని 2021లో ఒక ప్రతిపాదన వచ్చింది. దాన్ని పరీక్షించాలంటే క్షేత్ర బలం, శ్వేత కుబ్జం ఉష్ణోగ్రత, ద్రవ్యరాశి, కక్ష్యా కాలం నాలుగూ ఒకే తారకు తెలియాలి. స్లోన్ భాండాగారంలో విడి ఎక్స్‌పోజర్లు విప్పి, దశ కట్టి చూడాల్సిన పోలార్లు ఇంకా ఉన్నాయి. జే1553తో చేయి తిరిగాక వాటిలో ఒకదాన్ని తీసుకోండి.